ద్రాక్షతీగయు ఋతుధర్మమును

ఊరగాయలు పెట్టు దినములలో మన యిండ్లలో ప్రతి సంవత్సరమును ఒక మాట వినవచ్చుచుండును: “ఈ యేడు కాయలో పులుపు లేదమ్మా!” చెట్టు నిరుటిదే, దొడ్డి నిరుటిదే, కాయ కోసిన చేయియు నిరుటిదే. అయినను పులుపు వేఱు, కండ వేఱు, టెంక ముదురు వేఱు. పూత సమయమున మబ్బు పట్టినదనియో, పిందె నాడు గాలివాన వచ్చినదనియో, వడగాడ్పు ముందుగ తగిలినదనియో పెద్దవారు కారణము చెప్పుదురు. దానిని బట్టి ఉప్పు కారములు సరిచూచుకొని గృహిణి జాడీ నింపును.

ఫ్రాన్సు, జర్మనీ మున్నగు దేశములలో ఈ మాటనే ద్రాక్షపంటను గూర్చి చెప్పుకొందురు. అచ్చట ద్రాక్షరసమును పులియబెట్టి వైను అను ద్రాక్షాసవమును చేయుదురు. దాని సీసాపై తోట యున్న సీమ పేరుతోపాటు పంట సంవత్సరమును గూడ అచ్చొత్తించుట ఆచారము. ఒకే తోటనుండి, ఒకే చేతిమీదుగ వచ్చిన సరకే యైనను ఒక సంవత్సరపు సీసాకును మఱియొక సంవత్సరపు సీసాకును వెలలో నెంతయో భేదముండును. ఆ భేదమును కలిగించినది ఆ యేటి యెండయు వానయు.

మన గృహములలో పెక్కింట ఈ పానీయమునకు చోటు లేదు. వైద్యుడిచ్చు ద్రాక్షారిష్టమును తప్ప మఱియొకదానిని మనలో చాలమంది యెఱుగరు. వైను త్రాగుట మేలా కీడా యను చర్చయు ఈ వ్యాసమునకు సంబంధించినది కాదు. దీనిని ఒక పంటగ మాత్రమే చూతము. ఋతువులు పంటపై చేయు పనిని ఇంత స్పష్టముగ చూపు పంటలు అరుదు. అంతేకాక, ఈ పంటకు ఆఱున్నర శతాబ్దములకు పైబడిన లెక్కలు గలవు. ఆ లెక్కలు నేడు మనకు చెప్పుచున్న సంగతి ద్రాక్ష పండింపని వారును వినదగినది.

తీగ యొక్క సంవత్సరము

చలిదేశములలో ద్రాక్షతీగ శీతకాలమంతయు ఆకు రాల్చి, ఎండుపుల్లవలె నిద్రించును. వసంతమున దినపు సగటు వేడిమి సుమారు 10 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరగనే కణుపులు చిగుర్చును. యూరపుఖండమున జూను నెల ప్రాంతమున కంటికి సరిగ ఆనని సన్నని పూత పూయును. పూత నాటినుండి సుమారు నూఱు దినములకు పండు కోతకు వచ్చునని రైతులు వ్రేళ్లపై లెక్కించుకొందురు.

పిందె మొదట ఆకుపచ్చగ, గట్టిగ, నోటబెట్ట వీలులేనంత పుల్లగ నుండును. వేసవి నడుమ అది మెత్తబడి రంగు తిరుగును. అప్పటినుండి ఆకులు ఎండలో సిద్ధము చేసిన చక్కెర పండులో చేరుచుండును, పులుపు క్రమముగ తగ్గుచుండును. ఈ పులుపులో ముఖ్యముగ రెండు విధములున్నవి. ఒకటి మన చింతపండులో నున్నదే. శాస్త్రజ్ఞులు దానిని టార్టారిక్ ఆమ్లమందురు. రెండవది ఆపిలుపండులో నుండు మాలిక్ ఆమ్లము. వేడిమికి మొదటిది అంతగ చలింపదు. రెండవది వేగముగ హరించును. అందుచే ఎండలు ముదిరినకొలది పండులో పులుపు తగ్గును. పగలు ఎండ కాసి రాత్రి చల్లబడినచో తీపియు చేరును, పులుపును నిలుచును. నల్లద్రాక్ష తొక్కకు రంగును బాగుగ పట్టును.

పండును పిండిన పిమ్మట ఈస్టు అను సూక్ష్మజీవులు రసములోని చక్కెరను తిని ఆల్కహాలుగ మార్చును. లీటరు రసములో సుమారు 17 గ్రాముల చక్కెర యున్నచో నూటికి ఒక వంతు ఆల్కహాలు ఏర్పడును. కావున ఎండ చాలని యేట వైను పలుచనై పుల్లగ నుండును. ఎండ మితిమీఱిన యేట ఆల్కహాలు మిక్కుటమై, పులుపు చచ్చి, ఉడికించిన పండు రుచి వచ్చును.

వాన సంగతియు ఇట్టిదే. చలికాలమున పడిన వాన నేలలో నిలిచి మేలు చేయును. పూత నాడు చలితోగూడిన వాన పడినచో పిందె నిలువదు. కోతకు ముందు దినములలో పడినచో పండు నీరు పీల్చి యుబ్బి రుచి పలుచనగును. తొక్క చిట్లి బూజు పట్టును. చిగురు వేళ మంచు గడ్డకట్టినచో లేతకొమ్మలు ఒక్క రాత్రిలో మాడినట్లు నల్లబడును. వడగండ్లు పడినచో సంవత్సరపు కష్టము కొలది నిమిషములలో నేలపాలగును. బోన్ పట్టణమునకు చేరువనున్న తోటలపై 2012, 2013, 2014 సంవత్సరములలో వరుసగ మూడేండ్లు వడగండ్లు పడి రైతులను పీడించినవి.

సీమకొక యుపాయము

ఇచ్చట రెండు మాటలను వేఱుచేసి చెప్పుకొనవలెను. ఒక దినమున, ఒక నెలలో, ఒక యేట కలుగు ఎండవానలు వాతావరణము. అనేక సంవత్సరముల సగటున ఒక చోటికి స్వభావముగ నిలిచినది శీతోష్ణస్థితి. ఏ చోట ఏ జాతి తీగను నాటవలెనో శీతోష్ణస్థితి నిర్ణయించును. నాటిన తీగ ఈ యేడు ఎట్టి పండు నిచ్చునో వాతావరణము నిర్ణయించును. మొదటిదానిని నమ్మి రైతు తోట వేయును. రెండవదానికి వెఱచుచు సంవత్సరమంతయు ఆకసమువంక చూచుచుండును.

వైను ద్రాక్ష హెచ్చుగ పండునది భూమధ్యరేఖకు ఉత్తరమునను దక్షిణమునను 30 మొదలు 50 వఱకు గల అక్షాంశముల నడుమ. ఆ పరిధిలోపల ఒక్కొక్క సీమవారు తమ ఆకసముతో ఒక్కొక్క విధముగ సర్దుకొనిరి.

జర్మనీలోని మోజెల్ నదీలోయ ఈ పరిధికి ఉత్తరపు అంచున, 50వ అక్షాంశము చెంత నున్నది. చదునునేలపై అచ్చట ద్రాక్ష చక్కగ పండుట కష్టము. అందుచే దక్షిణముఖముగ నున్న నిటారు కొండవాలులపై తీగలు నాటుదురు. వాలుపై సూర్యకిరణములు నేరుగ పడును. నల్లని పలకరాళ్లు పగటివేడిని పీల్చుకొని రాత్రి మెల్లగ విడుచును. క్రింద పాఱు నది చలితీవ్రతను తగ్గించును. బ్రెమ్ గ్రామము చెంతనున్న కాల్మాంట్ అను తోట కొన్నిచోట్ల సుమారు 65 డిగ్రీల వాలులో నున్నది. అట్టి చోట పనులు చాలవఱకు మనుష్యుల చేతులతోనే జరుగవలెను.

ఫ్రాన్సు పశ్చిమతీరమునకు చేరువనున్న బోర్డో సీమకు అట్లాంటిక్ సముద్రము రక్షయు భయమును గూడ. సముద్రము వలన చలియు వేడిమియు మితముగ నుండును. కాని కోతవేళ వాన యెప్పుడు వచ్చునో చెప్పరాదు. అందుచే వారు ముందుగ పండు మెర్లో జాతిని, ఆలస్యముగ పండు కాబెర్నె సోవిన్యోన్ జాతిని రెంటిని నాటి, రసములను కలుపుదురు. ఒకదానికి చెడుకాలము వచ్చినను రెండవది ఆదుకొనును. చేనిలో ఒకే పైరు వేయక కందియు జొన్నయు కలిపి చల్లు మన మెట్టరైతు బుద్ధియే యిది.

బోర్డోకు దక్షిణమున సోటెర్న్ అను చిన్న సీమ గలదు. అచ్చట చల్లని సిరాన్ వాగు అంతకంటె వెచ్చనిదగు గరోన్ నదిలో కలియును. శరత్కాలమున ఉదయము పొగమంచు కమ్మును, మధ్యాహ్నము ఎండ కాయును. ఆ మంచు వలన పండ్లపై ఒక బూజు పుట్టి తొక్కను తూట్లు పొడుచును. ఎండ వలన పండులోని నీరు ఆరిపోయి తీపి చిక్కబడును. ఇతరులకు శాపమైన బూజు వారికి వరమైనది. కాని మంచును ఎండయు సమముగ కుదరవలెను. అచ్చటి ప్రసిద్ధమైన షాటో దికెం తోటవారు 2012 పంట తమకు తగినట్లు రాలేదని ఆ సంవత్సరపు పేరుతో సీసాలే వెలువరింపలేదు.

పారిస్ నగరమునకు తూర్పున షాంపేను సీమ 49వ అక్షాంశము చెంత నున్నది. సుద్దనేల, సంవత్సరపు సగటు వేడిమి పూర్వము సుమారు 10, 11 డిగ్రీలు మాత్రమే. పండులో తీపి తక్కువ, పులుపు ఎక్కువ. నురుగు గల వైనుకు ఆ పులుపే ప్రాణమని తెలిసికొని వారు చలినే గుణముగ మార్చుకొనిరి. ఒక యేడు పంట బాగుండనిచో వెనుకటి సంవత్సరముల రసమును దాచియుంచి కలుపుదురు. అందుచే షాంపేను సీసాలలో ఎక్కువవానిపై సంవత్సరపు పేరుండదు. పాత చింతపండును కొంత దాచియుంచి కొత్తదానితో కలిపి వాడు ఇల్లాలికి ఈ యుక్తి క్రొత్త కాదు.

అమెరికాలోని కాలిఫోర్నియా ఎండదేశము. అయినను అచ్చటి నాపా లోయలోనికి చల్లని పసిఫిక్ సముద్రపు పొగమంచు రాత్రులందు ప్రాకి వచ్చి తోటలను చల్లార్చును. దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాదేశమున మెండోజా సీమవారు ఎండను తప్పించుకొనుటకై కొండ యెక్కిరి. ఆండీస్ పర్వతముల ప్రక్కన వేయి మీటర్లకు మించిన యెత్తునను అచ్చట తోటలున్నవి. వాన స్వల్పము, కొండలపై కరిగిన మంచునీటిని కాలువలద్వారా పాఱించుకొందురు. వడగండ్ల భయమునకు తీగలపై వలలు కప్పుదురు.

మన దేశము ఈ పరిధికి చాలవఱకు వెలుపలనే యున్నది. దక్కనులో తీగను నిద్రపుచ్చు చలికాలము లేదు. అది ఏడాది పొడుగున చిగుర్చుచునే యుండును. కావున రైతులు చలికాలము చేయవలసిన పనిని కత్తెరతో చేయుదురు. ఏప్రిలు ప్రాంతమున ఒకసారి, అక్టోబరు ప్రాంతమున మఱియొకసారి కొమ్మలు కత్తిరింతురు. వానలు వెడలిన పిమ్మట, చల్లని రాత్రుల కాలమున పండు ఎదిగి, ఫిబ్రవరి మార్చి నెలలలో కోతకు వచ్చును. మహారాష్ట్రములోని నాసిక్ సీమ ఇట్లే వైనుకు పేరు పొందెను. తినుటకై హైదరాబాదు పరిసరములలో పెంచి ప్రసిద్ధికెక్కిన అనాబ్-ఎ-షాహి ద్రాక్షకును ఈ రెండు కత్తిరింపుల పద్ధతియే ఆధారము.

ఇట్లు ఏ సీమ చూచినను, తన చోటి శీతోష్ణస్థితి మాఱదను నమ్మకము మీదనే తోట నిలిచియున్నది. ఆ నమ్మకము ఎంతవఱకు నిలుచునో చెప్పు సాక్ష్యము ఫ్రాన్సులోని ఒక చిన్న పట్టణమున దొరకినది.

బోన్ పట్టణపు లెక్కలు

ఫ్రాన్సు తూర్పుభాగమున బర్గండీ యను సీమ గలదు. దిజాన్ నగరమునుండి దక్షిణముగ సన్నని పట్టెవలె సున్నపురాతి కొండవాలు సాగియున్నది. దాని నడుమ నున్నది బోన్ పట్టణము. అచ్చట ముఖ్యముగ ఎఱ్ఱని వైనుకు పినో న్వార్, తెల్లని వైనుకు షార్దొనే, ఈ రెండు జాతులనే పెంచుదురు. తీగ ఒక్కటే యైనను గట్టు ఈవలి పొలమునకును ఆవలి పొలమునకును రుచి భేదముండును. వాలు నడుమ నున్న పొలమునకు ఉదయపుటెండ బాగుగ తగిలి, వాననీరు నిలువదు. అడుగున నున్న పొలములో రాత్రి చల్లగాలి చేరి మంచు పట్టును. మధ్యయుగములో మఠములలోని సన్న్యాసులు ఇట్టి భేదములను తరతరములు కనిపెట్టి, పొలములకు హద్దులు కట్టిరి. వారు ప్రహరీ కట్టించిన క్లో ద వూజో యను తోట నేటికిని ఉన్నది. ఇట్టి పొలమును ఆ సీమవారు “క్లిమా” అందురు. ఫ్రెంచి భాషలో శీతోష్ణస్థితికిని అదే పేరు! ఇట్టి క్లిమాలు 1,247 గలవు. 2015వ సంవత్సరమున యునెస్కో సంస్థ వానిని ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చెను.

పూర్వము ఈ పట్టణములో ఎవరికి తోచిన నాడు వారు ద్రాక్ష కోయుటకు వీలులేదు. పండు పక్వమైనదో లేదో పెద్దలు చూచి, కోత ఫలానా నాడని చాటించెడివారు. ఆ దినమున కూలివారు తోటలో దిగెడివారు. వారికిచ్చిన కూలి, తేదీతో సహా, పద్దులలోనికి ఎక్కెడిది. చర్చి పద్దులలో కొన్ని, పట్టణసభ కాగితములలో కొన్ని, తరువాతి కాలమున వార్తాపత్రికలలో కొన్ని, ఇట్లు 1354వ సంవత్సరము మొదలు కోతదినములు దొరకినవి. వ్రాసిన గుమాస్తాలకు శీతోష్ణస్థితిని గూర్చిన చింత లేదు. కూలిసొమ్ము లెక్క తప్పకుండుటయే వారి పని.

వసంతమును వేసవియు వెచ్చగ నున్నచో పండు త్వరగ పక్వమగును, చల్లగ నున్నచో ఆలస్యమగును. కావున కోతదినమే ఆ యేటి వేడిమికి కొలమానము. ఉష్ణమానయంత్రము పుట్టకమున్నే ద్రాక్షతీగ ఆ పని చేయుచుండెనన్నమాట. ఈ సంగతిని ఫ్రెంచి చరిత్రకారుడు ఎమ్మాన్యుయెల్ ల రువా లదూరీ 1967లో వెలువరించిన తన గ్రంథమున విపులముగ చూపెను. 2019లో థామస్ లాబే మొదలగు పండితులు బోన్ పట్టణపు కోతదినములను 1354 మొదలు 2018 వఱకు వరుసగ కూర్చి ప్రకటించిరి. 1987 వఱకు గల సంవత్సరములలో సగటున సెప్టెంబరు 28వ తేదీన కోత మొదలయ్యెడిది. 1988 మొదలు 2018 వఱకు అది అంతకంటె 13 దినములు ముందుగ మొదలైనది.

చల్లని యేండ్లు, వేడి యేండ్లు

పూర్వకాలమున విపరీతమైన వేసవులు లేకపోలేదు. 1540లో మధ్య యూరపునందు నెలలతరబడి వాన కఱవై, పండ్లు తీగలమీదనే ఎండి, తీపి చిక్కబడినది. జర్మనీలోని వ్యుర్ట్స్‌బుర్గ్ నగరపు తోటలోని ఆ యేటి వైను సీసా నొకదానిని 1961లో లండను నగరమున తెఱచిరి. 421 సంవత్సరముల పిమ్మటను అది కొలది నిమిషములు రుచి నిలుపుకొనెనట!

మఱియొకవైపు, 1815 ఏప్రిలులో ఇండొనీషియా దీవులలోని తంబోరా అగ్నిపర్వతము ప్రేలి, దాని ధూళియు వాయువులును ఆకసమున వ్యాపించి సూర్యరశ్మిని తగ్గించినవి. మఱుసటి సంవత్సరము, 1816, యూరపువారికి వేసవి లేని యేడైనది. బర్గండీలో కోత అక్టోబరులో చాల ఆలస్యముగ జరిగెను. పండు సరిగ పక్వము కాలేదు. ఆ యేడు ధాన్యమును చెడి స్విట్జర్లాండు, జర్మనీ దేశములలో పేదలు ఆకలిచే అలమటించిరి. ఎక్కడి పర్వతము! ఎక్కడి తోట!

ఈ రెండు కాలముల నడుమ, మంచి యేటిని చేజార్చుకొనని యొక స్త్రీ చరిత్ర మన సోదరీమణులు తెలిసికొనదగినది. షాంపేను సీమలోని రేన్స్ నగరమున 1777లో జన్మించిన బార్బ్ నికోల్ అను నామె 1798లో క్లికో కుటుంబమున మెట్టెను. 1805లో భర్త మరణించునాటికి ఆమెకు 27 ఏండ్లు. ఒడిలో ఒక ఆడుబిడ్డ. ఆ కాలపు ఫ్రెంచి శాసనమును బట్టి భర్త యున్న స్త్రీ తన యిష్టానుసారము వ్యాపారము చేయరాదు. వైధవ్యము పొందిన స్త్రీకి మాత్రము ఆ స్వేచ్ఛ యుండెను. ఆమె మామగారిని ఒప్పించి, భర్త నడపిన వైను వ్యాపారమును తన చేతిలోనికి తీసికొనెను.

యుద్ధముల వలన సముద్రమార్గములు మూసికొనిపోయి, సరకు గిడ్డంగులలో నిలిచిపోవుచుండెను. అట్టి తరుణమున 1811 వచ్చెను. ఆ యేడు ఆకసమున నెలలతరబడి గొప్ప తోకచుక్క కనబడెను. వేసవియు శరత్తును చక్కగ కాసి, పంట మిక్కిలి మేలైనదయ్యెను. జనులు తోకచుక్క మహిమ యనుకొనిరి. మేలు చేసినది తోకచుక్క గాదు, ఎండ. క్లికోగారు ఆ పంటతో చేసిన వైనును దాచియుంచి, 1814లో యుద్ధము సద్దుమణగుట చూచి, పోటీవారికి తెలియకుండ ఓడపై పదివేలకు పైగ సీసాలను రష్యాకు పంపెను. సరకు చేరినంతనే అమ్ముడుపోయెను. 1816 ప్రాంతమున సీసా అడుగున చేరు మడ్డిని మూతి యొద్దకు దింపి తీయుటకై తూట్లు గల బల్లను ఆమెయే యోచించి చేయించెను. 1866లో మరణించు నాటికి ఆమె పేరు దేశదేశములలో ప్రసిద్ధము. ప్రకృతి యొసగిన మంచి యేడు అందఱికిని ఒక్కటే. దానిని గుర్తించి కాపాడిన ఓర్పు ఆమెది.

ముందుగ వచ్చు కోత

పూర్వపు మంచిచెడ్డలు వచ్చినవి, పోయినవి. ఒక యేడు వేడియైనచో మఱియొక యేడు చల్లనయ్యెడిది. సగటు తన చోటికి తాను తిరిగివచ్చెడిది. 1988 పిమ్మట అట్లు జరుగుటలేదు. బొగ్గు, నూనె మున్నగువానిని మనుష్యులు కాల్చుటచే గాలిలో చేరిన వాయువులు భూమి వేడిని పట్టియుంచుచున్నవని శాస్త్రజ్ఞులు తేల్చిరి.

పదుమూడు దినములు ముందైన నేమి, కొంత తీరిక దొరకును గదా యని మనకు తోచవచ్చును. చల్లని సీమలకు మొదట లాభమే కలిగినది. ఇంగ్లాండు దక్షిణభాగమున, షాంపేను సీమలో వలెనే సుద్దనేల యున్నచోట, నేడు నురుగు వైనులు తయారగుచున్నవి. 2015లో షాంపేను సీమకు చెందిన టెటంజే సంస్థవారు ఇంగ్లాండులోని కెంట్ సీమలో నేల కొని తోట వేయ నిశ్చయించిరి. నష్టమును వెంటనే కలిగినది. జర్మనీలో శీతకాలము వఱకు పండ్లను తీగపైననే యుంచి, సున్నకు దిగువ 7 డిగ్రీల చలిలో గడ్డకట్టిన పిమ్మట కోసి, “ఐస్‌వైన్” అను తియ్యని వైను చేయుదురు. 2019 పంటకు చెందిన శీతకాలమున ఆ దేశపు తోటలలో ఎచ్చటను అంతటి చలి రాలేదు. ఆ యేటి ఐస్‌వైన్ లేనే లేదు.

2003 వేసవిలో బర్గండీలో కోత ఆగస్టు నెలలోనే మొదలయ్యెను. కోతకు పిలువవలసినవారు సెలవులకై ఊళ్లకు వెళ్లియుండిరి. ఆ వేసవిలోనే ఫ్రాన్సుదేశమున మామూలు కంటె సుమారు 15,000 మంది ఎక్కువగ మరణించిరి. వారిలో పెక్కురు ఒంటరిగ నున్న వృద్ధులు. ద్రాక్ష ముందుగ పండినదను వార్త వెనుక ఎంతటి దుఃఖ ముండునో దీనివలన తెలియును. 2020లో కాలిఫోర్నియాలో అడవులు తగులబడగ పొగ తోటలను కమ్మి, పండ్లకు పొగవాసన పట్టి, పెక్కు తోటలవారు పంటను కోయకయే విడిచిపెట్టిరి.

మఱియొక చిత్రము. వేడిమి పెరుగుటచే మంచు భయము తగ్గునని తలచుట సహజము. తగ్గకపోవుటయే కాక కొన్నియెడల హెచ్చినది. 2021 మార్చి చివర ఫ్రాన్సులో ఎండలు వేసవివలె కాసి, తీగలు ముందుగనే చిగుర్చినవి. ఏప్రిలు మొదటివారమున చలిగాలి వచ్చి రాత్రులు మంచు గడ్డకట్టెను. రైతులు కుటుంబములతో అర్ధరాత్రి తోటలకు పోయి వరుసల నడుమ వేలకొలది మైనపు దీపములు, గడ్డిమంటలు వెలిగించి తెల్లవాఱువఱకు కావలి కాచిరి. కొండవాలులన్నియు కార్తికదీపములు వెట్టినట్లు వెలిగినవి. అయినను పెక్కు తోటలలో చిగురు నిలువలేదు; ఆ యేడు ఫ్రాన్సు వైను పంట మిక్కిలి తగ్గెను. చలి పూర్వముకంటె హెచ్చుగాదు, చిగురు తొందరపడినది.

రైతులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కొందఱు రాత్రివేళ దీపముల వెలుతురున కోయుచున్నారు. కొందఱు పండ్లపై ఆకునీడను నిలుపుచున్నారు. కొందఱు కొండ యెక్కుచున్నారు. ఆచారమును తేలికగ విడువని బోర్డో సీమలోనే 2021లో వేడిమికి తాళు ఆఱు క్రొత్త జాతులను కొలది పాళ్లలో కలుపుకొనుటకు ప్రభుత్వ సంస్థ అనుమతించెను.

కాని ద్రాక్షతోట వరిమడి కాదు, మఱుసటి యేడు వేఱు విత్తనము చల్లుటకు. నాటిన తీగ ఫలించుటకు మూడు నాలుగు సంవత్సరములు పట్టును; తరువాత నలువది యేబది సంవత్సరములు కాయును. తండ్రి నాటినదానిని కొడుకు కోయును. నేడు నాటువాడు ముప్పది సంవత్సరముల పిమ్మట ఎండ యెట్లుండునో ఊహించి నాటవలెను. ధనముగలవాడు ఇంగ్లాండులో నేల కొనగలడు. నాలుగు సాళ్ల తోట మాత్రమే గల కుటుంబము ఎచ్చటికి పోగలదు? దానికి పేరు తెచ్చినది ఆ గట్టు, ఆ వాలు, ఆ చల్లదనము. గట్టును వాలును అచ్చటనే యున్నవి. చల్లదనము మాత్రము జరిగిపోవుచున్నది.

మన యింటి పద్దు

ఇదంతయు దూరదేశపు కథయని తలపవలదు. వరియు, మామిడియు, మిరపయు గూడ ఎండవానలను బట్టియే పండును. వానికి బోన్ పట్టణపు పద్దుల వంటి సాక్ష్యము లేకుండుటయే కొఱత. “మా చిన్ననాడు ఉగాదికి మామిడికాయ ఇంతయే యుండెడిది” అని అవ్వలు చెప్పుదురు. ఎంత యుండెడిదో, ఏ నాటికి కోతకు వచ్చినదో వ్రాసియుంచినవారు లేరు.

గృహిణి నిత్యము పాలు, పెరుగు, చాకలి పద్దు వ్రాసికొనుచునే యున్నది. ఆ పుస్తకములోనే సంవత్సరమునకు నాలుగు పంక్తులు చేర్చినచో చాలును: పెరటిమామిడి పూత ఏ నాడు కనబడెను, ఊరగాయకు కాయ ఏ నాడు తెచ్చితిమి, తొలకరి ఏ నాడు పడెను, చింతకాయ ఏ నాడు దులిపితిమి. తిథియు వ్రాయుడు, ఇంగ్లీషు తేదీయు వ్రాయుడు. కుమార్తె అత్తవారింటికి పోవునపుడు ఆమె చేతను అట్టి పుస్తకమొకటి మొదలుపెట్టింపుడు. బోన్ పట్టణములో కూలిడబ్బులు లెక్కించిన గుమాస్తాకు తన పద్దు ఆఱువందల సంవత్సరముల తరువాత ఎవరికి పనికివచ్చునో తెలియదు. మన పద్దు ఎవరికి పనికివచ్చునో మనకును తెలియదు. అయినను వ్రాసియుంచుటకు ఒక నిమిషము కంటె హెచ్చు పట్టదు.